చెప్పిన నోరు

నేరం ఒప్పుకోనివాడితో పెద్ద ఇబ్బంది ఉండదు. ఒప్పుకుని, చేసినందుకు లోపల్లోపల సంతోషపడేవాడితోనే చిక్కు. బల్లకి అవతల కూర్చున్నవాడు ఆ రెండో రకం.

ముప్ఫై దాటిన మనిషి. మాసిన గడ్డం, నలిగిన చొక్కా. నిన్న పొద్దున ఒక ఆవిడని ఆవిడ ఇంటి గుమ్మంలోంచే మెట్ల మీదికి తోసేశాడు. తోసి పారిపోలేదు. ఆవిడ కింద నెత్తుటి మడుగులో పడి ఉంటే, పై మెట్టు మీద చతికిలబడి పోలీసులు వచ్చేదాకా కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టర్ అతనికి టీ తెప్పించాడు. స్టేషన్లో వెనకాల అందరూ ఆయన్ని ‘నిదానం’ అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. టీ చల్లారినా తొందర పెట్టలేదు. చివరికి అతనే నోరు విప్పాడు.

పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరుగా చేసేవాడట. ప్రోగ్రాము బయటికి వెళ్లేముందు దాన్ని కిందా మీదా చేసి తప్పులు పట్టడం అతని పని. భార్యా అదే కంపెనీ, వేరే విభాగం. మూడు నెలల కిందట ఒక పొద్దున ఇద్దరికీ ఒకేసారి వీడియో కాల్ వచ్చింది. ఇంట్లో ఒకే బల్లకి ఎదురెదురుగా, చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చున్నారు. రెండు తెరల మీదా ఒకే మొహం. సిబ్బంది వ్యవహారాలు చూసే పెద్దావిడ. కంపెనీలో అందరూ మేడమ్ అనేవాళ్లు. ఆ వారంలో ఆవిడ అలా ఆరువేల మందికి చెప్పింది, మీరు ఇక రానక్కర్లేదని.

భార్యకి అప్పుడు ఏడో నెల.

“కాన్పు అయ్యేదాకా ఆసుపత్రి బీమా ఒక్కటి ఉంచమన్నాను సార్. మీ బాధ మాకు అర్థమైంది, మీ భవిష్యత్తుకు మా శుభాకాంక్షలు, అంది. మళ్లీ అడిగాను. అదే మాట. మూడోసారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. అదే మాట, అదే నవ్వు.”

ఆ తర్వాతి కథ అతను తల వంచుకుని, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. భార్యకి రక్తపోటు పెరిగింది. అంతవరకు చూపించుకున్న ఆసుపత్రి ముందు డబ్బు కట్టమంది. రెండోది మంచాలు లేవంది. మూడోదానికి చేరేసరికి బిడ్డ లోపలే పోయింది. ఆడపిల్ల. భార్య పుట్టింట్లో ఉంది, అతనితో మాట్లాడదు. మొన్న పేపర్లో కంపెనీ లాభాల వార్త వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత లాభం ఎప్పుడూ చూడలేదని ఛైర్మన్ తెర మీద మురిసిపోతూ చెప్పాడట.

ఆ సాయంత్రమే ఫోన్లో ఒక సందేశం. ఉద్యోగాలు పోయినవాళ్లంతా కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు, అందులో. పంపిన నంబరు ఎవరిదో ఎవరికీ తెలీదు. ‘మీకు శుభాకాంక్షలు చెప్పిన మేడమ్ ఇక్కడ ఉంటుంది. రేపు పదింటికి రండి. మొహం మీదే అడగండి.’ కింద చిరునామా.

అతను పదింటిదాకా ఆగలేకపోయాడు. తెల్లగా తెల్లారగానే వెళ్లి తలుపు కొట్టాడు.

“తీసింది. నన్ను గుర్తుపట్టారా అన్నాను. నోరు తెరిచి మూసింది. లోపలికి రమ్మని చెయ్యి ఊపింది, కుక్కని పిలిచినట్టు. తప్పయింది అని ఒక్క మాట అనమన్నాను. ఒక్క మాట సార్. గొంతు మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. ఆరువేల మందికి చెప్పిన నోరు, నాకు ఒక్క మాట చెప్పడానికి పెగల్లేదు. తోసేశాను.”

మళ్లీ ఎదురుపడితే ఏం చేస్తావని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఈసారి ఇంకా ఎత్తున్న మెట్లు చూసుకుంటానన్నాడు. ఆ మాటలో వేడి లేదు.

లేవబోతూ ఆయన ఒక్క సంగతి అడిగాడు. మూడుసార్లూ అదే నవ్వు అన్నావు, అదే అంటే?

“ఎడమ పక్క పెదవి ముందు లేస్తుంది. తర్వాత రెప్పలు ఒకసారి మూసి తెరుస్తుంది. మూడుసార్లూ అంతే. ఒక్క వెంట్రుక కూడా…” అంటూ ఆగిపోయాడు. అతని నుదురు ముడిపడింది. తప్పులు పట్టడం తన పనని కాసేపటి కిందట చెప్పింది అతనే. ఇన్‌స్పెక్టర్ అతన్ని ఆ ఆలోచనలోనే వదిలేసి జీపెక్కాడు.

మేడమ్ ఇల్లు మూడో అంతస్తు. మెట్ల మలుపు దగ్గర నెత్తుటి మరక ఎండి నల్లబడింది. తలుపు గొలుసు తెగలేదు, గొళ్లెం వంగలేదు. తలుపులో బయటి మనిషిని చూడటానికి చిన్న అద్దం ఉంది, శుభ్రంగా తుడిచి ఉంది. అంటే చూసే తీసింది. తెలియని మగవాడు, పొద్దున్నే, కోపంగా తలుపు బాదుతుంటే గొలుసు కూడా వేసుకోకుండా తీసింది.

ఇంట్లో మేడమ్ అక్క ఉంది. బళ్లో లెక్కల టీచరు. కబురు తెలియగానే బస్సెక్కి వచ్చిందట. కళ్లు వాచి ఉన్నాయి గానీ మాట మాత్రం నల్లబల్ల ముందు నిలబడి చెప్పినట్టే ఉంది. ఏదీ ముట్టుకోలేదనీ, పోలీసులు చూసేదాకా ముట్టుకోకూడదని తనకి తెలుసనీ ముందుగానే చెప్పేసింది.

హాల్లో అడుగు పెట్టగానే ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు. గోడ వారన మడత కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. అద్దెకి తెచ్చినవి, వెనకాల అద్దెకిచ్చే కొట్టువాడి గుర్తు ఉంది. అన్నీ ఒకే కుర్చీ వైపు తిరిగి ఉన్నాయి. ఆ కుర్చీ పక్కన బల్ల మీద పిల్లల పలక, సుద్దముక్క, చిన్న ఇత్తడి గంట. కింద కాగితపు గ్లాసుల దొంతర, మంచినీళ్ల డబ్బా. ఎవరో పదిమంది చుట్టాలని పిలుచుకున్నట్టుంది ఇల్లు.

“మీ చెల్లెలికి పలక ఎందుకమ్మా?”

అక్క ఆయన మొహంలోకి వింతగా చూసింది. ఈ సంగతి తెలియకుండానే కేసు చూస్తున్నారా అన్నట్టు.

నిరుడు గొంతులో గడ్డకి ఆపరేషన్ అయిందట. గడ్డ పోయింది. దానితోపాటు నరం ఒకటి దెబ్బతింది. నిద్రలేచేసరికి గొంతు లేదు. ఆవిరి పట్టించారు, కసరత్తులు చేయించారు. లాభం లేకపోయింది. చెవి నోటికి ఆనిస్తే తప్ప ఏమంటోందో తెలియదు. అవతలి గదిలో ఎవరైనా ఉంటే గంట కొట్టి పిలవాల్సిందే. కంపెనీవాళ్లు రెండు నెలలు చూశారు. జనంతో మాట్లాడటమే ఉద్యోగమైన మనిషికి గొంతే లేకపోతే ఏం చేసుకుంటారు? కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు.

ఇన్‌స్పెక్టర్ మెల్లగా ఒక మడత కుర్చీలో కూర్చున్నాడు.

మేడమ్ ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు దాటింది. ఆవిడ ఆరువేల మందిని సాగనంపి మూడు నెలలే అయింది.

“మరి ఆ కాల్స్‌లో మాట్లాడింది ఎవరు?”

“అది నన్నడుగుతారేంటి సార్? తన మొహం తనే చూసుకుని మా చెల్లెలు ఆ రోజు అద్దం పగలగొట్టుకుంది.”

అప్పుడే బూట్ల చప్పుడైంది. తలుపులో నిలబడ్డ మనిషిని చూసి ఇన్‌స్పెక్టర్ లేవలేదు. ఆశ్చర్యపోనూ లేదు. వచ్చినవాడు కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు. ఒకప్పుడు ఇదే డిపార్ట్‌మెంటులో ఆయన కింద పనిచేసి, జీతం చూసుకుని అటు దూకాడు. అంతకంటే దగ్గరి సంబంధం ఇంకోటుంది. ఇద్దరూ ఒకే ఇంటి అక్కచెల్లెళ్లని చేసుకున్నారు. తోడల్లుళ్లు. అత్తగారింట్లో ఒకే బంతిలో కూర్చుని తింటూ కూడా ఒకరి విస్తట్లోకి ఒకరు తొంగి చూసుకునే రకం.

“అన్నయ్యా, పని త్వరగా తెముల్చుకో. ఆవిడ కంప్యూటర్ మా కంపెనీది, తీసుకెళ్లాలి” అన్నాడు.

“ఇది నేరం జరిగిన చోటు తమ్ముడూ. ఇక్కడి సూది కూడా నాది.”

తోడల్లుడు నవ్వాడు. ముద్దాయి దొరికాడు, ఒప్పుకున్నాడు, ఇంకా ఏం తవ్వుతావని అడిగాడు. ఉద్యోగం పోయి మతి చలించినవాడు ఒక ఆడమనిషి మీద పడ్డాడు, అంతకుమించి ఇందులో ఏం లేదన్నాడు. మేడమ్ ఇప్పుడు సెలవులో ఉన్న ఉద్యోగి అనీ, ఖర్చంతా కంపెనీ చూసుకుంటుందనీ, పాపం టీవీలవాళ్లు వెంటపడకుండా, నిన్న పదింటికి వచ్చినవాళ్లని గేటు దగ్గరే తిప్పి పంపేసి, ఈ వార్త పొక్కనివ్వకుండా తానే చూశాననీ చెప్పాడు.

“సెలవెప్పటినుంచి?”

“అది ఆఫీసు విషయం.”

“గొంతు లేని మనిషి ఆరువేల మందితో ఎలా మాట్లాడిందో, అదీ ఆఫీసు విషయమేనా?”

తోడల్లుడి నవ్వు ఆరిపోయింది. ఆ మొహాన్ని ఇరవై ఏళ్లుగా చదువుతున్న ఇన్‌స్పెక్టర్‌కి వేరే జవాబు అక్కర్లేకపోయింది. వీడికి తెలుసు. మొదటినుంచీ తెలుసు.

అప్పుడు ఇన్‌స్పెక్టర్ ఆగలేదు. మేడమ్ నిజం బయటపెడుతుందని భయపడి, కడుపు మండినవాళ్ల చేతికి చిరునామా ఇచ్చింది నువ్వే కదా అన్నాడు. చెయ్యి వాళ్లది, లాభం మీది. కత్తి పట్టుకోకుండానే పని అయిపోతుంది.

తోడల్లుడు మామూలుగానైతే గొంతు లేపేవాడు. ఇప్పుడు లేపలేదు. అక్క వినకుండా దగ్గరికొచ్చి చిన్నగా అన్నాడు. “నీ బుర్ర నిదానమే గానీ మొద్దు కాదనుకున్నాను. ఈవిడ ఎవరి కంటా పడకుండా చూడమని నాకు పైవాళ్ల ఆజ్ఞ. ఒక్కడు వచ్చి ఈవిడ గొంతు వింటే చాలు, మా బండారం బయటపడుతుంది. అలాంటిది నేనే పిలిచి జనాన్ని గుమ్మంలోకి తోలుకుంటానా?”

ఆ మాటలో అబద్ధం లేదు. ఇన్‌స్పెక్టర్ ఒకసారి వరసగా ఉన్న కుర్చీలని, మంచినీళ్ల డబ్బాని, పలకని చూశాడు. తర్వాత తుడిచిన తలుపు అద్దాన్ని చూశాడు. టోపీ తీసుకుని బయటికి నడిచాడు. కంప్యూటర్ మీద చెయ్యి పడితే అరెస్టు చెయ్యమని గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్‌కి చెప్పడం మాత్రం మరిచిపోలేదు.

ఆసుపత్రిలో మేడమ్ తలకి కట్టు, ఎడమ చేతికి పిండి కట్టు. మొహం మాత్రం మామూలుగా ఉంది. టెస్టరు చెప్పిన మొహమే. అందులో నవ్వు లేదు, అంతే తేడా.

మాట్లాడించొద్దని డాక్టరు ముందే హెచ్చరించాడు. ఇన్‌స్పెక్టర్ కుర్చీని మంచం దగ్గరికి లాక్కుని, తల వంచి చెవిని ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

“ఆ సందేశం పంపింది మీరే కదమ్మా?”

కళ్లు మూసుకుని తల ఊపింది. తర్వాత వచ్చింది ఆవిడ గొంతు. ఎండుటాకుల మీద గాలి పోయినట్టుంది. మాటకీ మాటకీ మధ్య చాలాసేపు ఆగాల్సి వచ్చింది.

“ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. నన్నూ తీసేశారు కదా.”

ఉద్యోగం వదిలేటప్పుడు సంతకం పెట్టించుకున్నారట. కంపెనీ సంగతులు నోటితోగానీ రాతతోగానీ ఎవరికీ చెప్పకూడదు. పోలీసులో కోర్టో పిలిచి అడిగితే తప్ప. ఆవిడ ఫొటోలూ, పాత రికార్డింగులూ శిక్షణ కోసం వాడుకోవచ్చు. అదేదో కొత్తవాళ్లకి పాఠాలు చెప్పడానికనుకుంది గానీ, తనలా మాట్లాడే బొమ్మని కంప్యూటర్లో తయారుచెయ్యడానికనుకోలేదు. మూడు నెలల కిందట, గ్రూపులో ఎవరో పెట్టిన వీడియోలో, తన మొహం, తన గొంతు, తను ఎన్నడూ అనని మాటలు అంటుంటే చూసింది. వాళ్ల పేటలోని స్టేషన్‌కి వెళ్లింది. పలక మీద రాసి చూపించింది. అక్కడివాళ్లకి చదివే ఓపిక లేకపోయింది. ఇది మీకూ కంపెనీకీ మధ్య గొడవ, మా దగ్గరికెందుకొచ్చావని పంపేశారు. బజారులో ఉద్యోగాలు పోయినవాళ్లెవరో మొహం గుర్తుపట్టి ఒకసారి ఉమ్మేశారు. ఇంకొకసారి కూరగాయలమ్మే ఆవిడ, నా కొడుకుని నడివీధిలో నిలబెట్టావు కదే అని ఏడ్చింది.

“నా గొంతుని వాళ్లు చెవులారా వినాలి. కాగితం మీద రాస్తే ఎవరూ నమ్మరు. వీడియో పంపితే అదీ దొంగదే అంటారు. అందుకే ఇంటికి పిలిచాను.”

“కోపంతో వస్తారని తెలుసు కదా. మీరు కుర్చీలు వేశారు. వచ్చినవాళ్లు కూర్చునేదాకా ఆగుతారనుకున్నారా?”

ఆవిడ కళ్లు తెరిచింది. ఇన్‌స్పెక్టర్ ఎందరో హంతకుల కళ్లలోకి చూశాడు. ఇంత నిబ్బరంగా చూసినవాళ్లు తక్కువ.

“ఆగితే సాక్షులవుతారు. ఆగకపోతే కేసవుతుంది. కేసయితే మీరొచ్చి నన్ను అడుగుతారు. మీరు అడిగితే నేను చెప్పొచ్చు. ఎటైనా నాకు ఒకటే. వాళ్లు నాశనమవ్వాలి.”

ఇన్‌స్పెక్టర్ టెస్టరు గురించి చెప్పాడు. బల్లకి అటూ ఇటూ కూర్చున్న మొగుడూ పెళ్లాల సంగతి, మూడుసార్లు అడిగిన బీమా సంగతి, మూడో ఆసుపత్రి సంగతి. మెత్తగా చెప్పలేదు. మీ మొహం వాళ్లు వాడుకున్నారు, అతని కడుపుకోత మీరు వాడుకున్నారు అని కూడా అనేశాడు.

మేడమ్ మొహం గోడవైపు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. ఆ ఏడుపుకి కూడా చప్పుడు లేదు. ఆమె మళ్లీ ఇటు తిరిగేదాకా ఇన్‌స్పెక్టర్ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

“అతన్ని వదిలెయ్యండి.”

వదలడం తన చేతుల్లో లేదనీ, కోర్టులో మీరు చెప్పే మాట మాత్రం పనికొస్తుందనీ ఆయన చెప్పాడు. అయితే అతన్ని ఒకసారి తీసుకురమ్మంది. ఈ గొంతుని అందరికంటే ముందు అతనే వినాలంది.

తలుపు తెరుచుకుంది. తోడల్లుడు. ఈసారి పక్కన కంపెనీ లాయరు కూడా ఉన్నాడు. పేషెంటు స్పృహ సరిగా లేదనీ, ఈ స్థితిలో వాంగ్మూలం చెల్లదనీ లాయరు గడగడా చదివాడు. తోడల్లుడు ఇన్‌స్పెక్టర్ భుజం మీద చెయ్యి వేసి, ఆరింటిదాకా ఆగు చాలు, తర్వాత నీ ఇష్టమొచ్చింది రాసుకో అన్నాడు.

“ఆరింటిదాకా ఎందుకు? ఆలోపల ఏముంది?”

జవాబు మంచం మీదినుంచి వచ్చింది. మేడమ్ కుడిచేత్తో గాలిలో ఏదో రాసింది. ఎవరికీ అర్థంకాలేదు. ఇన్‌స్పెక్టర్ మళ్లీ తల వంచాడు.

“రెండో విడత. ఇవాళే. నేనున్నప్పుడే అనుకున్న తేదీ.”

తోడల్లుడు గడియారం చూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి అప్పుడు మొత్తం అర్థమైంది. తలకి కట్టుతో, పోలీసు కాపలాలో, డాక్టరు సాక్షిగా ఈవిడ ఇక్కడ పడుకుని ఉంటే, అక్కడ వేలమంది తెరల మీద ఈవిడే మాట్లాడబోతోంది. ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టుకి కావాలి? ఆపమని తోడల్లుడు పైవాళ్లకి చెప్పే ఉంటాడు. వార్త బయటికి పొక్కలేదని భరోసా ఇచ్చిందీ వాడే. ఇంకేం భయమని వాళ్లు ముందుకే పోయి ఉంటారు.

“వెళ్లి ఆపించు తమ్ముడూ. ఇప్పటికైనా.”

“ఉప్పు తిన్నాను అన్నయ్యా. నా చేతుల్లో లేదు.”

“పెట్టినంత కాలమే ఆ ఉప్పు.”

తోడల్లుడు ఏదో అనబోయాడు. అంతలో చేతిలో ఫోన్ మోగింది. కంపెనీ వీడియో కాల్. ఎత్తక తప్పని కాల్. అలవాటుగా వేలు తగిలించాడు.

తెర మీద మేడమ్. చక్కగా దువ్విన జుట్టు, మెడలో సన్నని గొలుసు, గంటలాంటి గొంతు. ముందు అతన్ని పేరుపెట్టి పలకరించింది. ఇన్నేళ్ల సేవకి కృతజ్ఞతలు చెప్పింది. సెక్యూరిటీ విభాగాన్ని మూసేస్తున్నామని, ఈ క్షణం నుంచి కార్డు పనిచెయ్యదని చెప్పింది. తోడల్లుడు తెరని చూశాడు, మంచం మీది మనిషిని చూశాడు, మళ్లీ తెరని చూశాడు. నా కూతురి ఫీజు, అని ఏదో గొణిగాడు. తన చేత్తో కాపలా కాసిన మోసాన్నే బతిమాలుతున్నాడని వాడికి ఆ క్షణంలో తెలియనే లేదు. తెర మీది మొహం ఎడమ పెదవి ఎత్తి నవ్వింది.

లాయరు చల్లగా తలుపు వైపు జరిగాడు. గది బయట కాపలా ఉన్న కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు.

కాల్ ఆగిపోయింది. తోడల్లుడు మంచం కాళ్ల దగ్గర కూలబడ్డాడు. మేడమ్ వాణ్ణి కళ్లార్పకుండా చూస్తోంది. జాలి చూపు కాదది. ఆకలిగొన్నవాళ్లు అన్నం వైపు చూసే చూపు.

“అన్నయ్యా” అన్నాడు తోడల్లుడు చివరికి. “నా వాంగ్మూలం రాసుకో. ఈ మొహాలు తయారుచేసే గది ఎక్కడుందో నాకు తెలుసు. దాని తలుపు దగ్గర ఏడాదిగా కాపలా పెట్టింది నేనే.”

ఇన్‌స్పెక్టర్ కలం తీశాడు. ఇది చేయించిందెవరని అడిగాడు.

“ఆజ్ఞలన్నీ ఛైర్మన్ దగ్గరినుంచే వస్తాయి. రోజూ తెర మీద కనపడి చెబుతాడు.”

“తెర మీద సరే. మనిషిని ఎప్పుడు చూశావు?”

తోడల్లుడు చెప్పబోయి ఆగాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకోబోయి మానేశాడు.

“ఆయన కారు చూశాను. ఆయన గది తలుపు చూశాను” అన్నాడు మెల్లగా. “మనిషిని మాత్రం… ఈవిడని తీసేసిన దగ్గరినుంచీ కంపెనీలో ఎవ్వరూ చూడలేదు అన్నయ్యా.”